తెలియనివానికి చెప్పే ధర

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే ఉపాధిని ప్రసాదించేవాడు, ఆయనే తగ్గించేవాడు, ఆయనే పెంచేవాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! ఆమీన్.

గౌరవనీయులైన సోదరులారా!

అన్నింటికన్నా ముందు తఖ్వాను, అంటే దైవభీతిని అవలంబించవలసిందిగా మాకూ మీకూ హితబోధ చేసుకుంటున్నాము. ఇంటిలోనూ వీధిలోనూ, మస్జిదులోనూ దుకాణంలోనూ అల్లాహ్ మనలను చూస్తున్నాడన్న ఎరుకే తఖ్వా.

మనము ఈ వేళ ఇక్కడ సమావేశమైనది ఒక దైవాజ్ఞను శిరసావహించడానికి. జుముఆ అనే పేరుగల 62వ సూరాలో అల్లాహ్, శుక్రవారం నమాజుకు పిలుపు వినబడగానే క్రయవిక్రయాలు ఆపి తన స్మరణ వైపునకు త్వరపడి రమ్మని విశ్వాసులను ఆదేశించాడు. ఆ వెంటనే, నమాజు ముగిసిన పిదప భూమిలో విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని కూడా సెలవిచ్చాడు. అంటే, దుకాణం నుండి మస్జిదుకు రమ్మన్నవాడే మస్జిదు నుండి దుకాణానికి పొమ్మన్నాడు. అక్కడ కూడా తనను అధికంగా స్మరించమన్నాడు. కనుక గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, సఫ్ఫులో నిలుచున్న మనిషి ఇద్దరూ ఒక్కడే. సఫ్ఫులో ఒకలాగా, గల్లా ముందు మరొకలాగా ఉండే అధికారం అతనికి లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో మన సోదరులలో ఎక్కువమంది చిన్న వ్యాపారాల మీదనే జీవిస్తున్నారు. కిరాణం, పండ్ల బండి, మాంసం దుకాణం, కుట్టుపని, మెకానిక్ షెడ్డు, బట్టల కొట్టు, మామిడి తోటల కౌలు, పల్లీల కొనుగోలు, సంతలో మేకల బేరం - ఇవి మన జీవనాధారాలు. వీటన్నింటిలోనూ రోజుకు పదుల సార్లు మన నోటి నుండి వెలువడే మాట ఒకటుంది. అది ధర. ఆ ఒక్క మాట న్యాయంగా ఉన్నదా లేదా అన్నదే నేటి మన విషయం.

ధర చెప్పే స్వేచ్ఛ

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాము. లాభం తీసుకోవడం ఇస్లాములో తప్పు కాదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడు, వడ్డీని నిషేధించాడు. దైవప్రవక్త (స) తమ సహచరుడైన ఉర్వా అల్ బారిఖీ (రజి) చేతికి ఒక దీనారు ఇచ్చి ఒక గొర్రెను కొనుక్కు రమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, వాటిలో ఒకదానిని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ రెంటినీ తెచ్చి సమర్పించారు. దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు, పైగా ఆయన వ్యాపారంలో బరకత్ కలగాలని దుఆ చేశారు. ఈ హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. కాబట్టి రూపాయికి ఇంత శాతమే లాభం తీయాలని షరీఅతు గీత గీయలేదు.

మరొక సందర్భం. మదీనాలో సరుకుల ధరలు పెరిగిపోయాయి. మీరే ధరలు నిర్ణయించండని ప్రజలు దైవప్రవక్త (స)ను కోరారు. ధరలను హెచ్చించేవాడూ తగ్గించేవాడూ అల్లాహ్‌యేనని చెప్పి ఆయన ఆ పనికి పూనుకోలేదు. ఒకరి ధనం విషయంలోగాని, ప్రాణం విషయంలోగాని తనమీద ఎవరి ఫిర్యాదూ లేకుండా తన ప్రభువును కలుసుకోవాలన్నదే తన ఆశ అని వారికి తెలిపారు. కరువు వల్లనో సరుకు రాక తగ్గడం వల్లనో ధర పెరిగినప్పుడు అమ్మకందారును బలవంతంగా నష్టపరచడం కూడా అన్యాయమేనని ధర్మవేత్తలు ఈ హదీసు నుండి గ్రహించారు. అయితే వర్తకులు కూడబలుక్కొని, సరుకు దాచిపెట్టి ధర పెంచినప్పుడు పాలకుడు జోక్యం చేసుకొని న్యాయమైన ధరకు అమ్మించవచ్చునని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) వంటివారు విశదీకరించారు.

సోదరులారా! ఈ స్వేచ్ఛను చూసి మనము సంతోషించడంతోపాటు భయపడాలి కూడా. ధరకు గీత గీయకుండా వదిలిపెట్టడమంటే లెక్క అడగకుండా వదిలిపెట్టడం కాదు. ధర చెప్పే బాధ్యతను అల్లాహ్ మన చేతికి అప్పగించాడు. తమమీద ఎవరి ఫిర్యాదూ ఉండరాదని దైవప్రవక్త (స) అంతటివారే జాగ్రత్త పడితే, మనము ఎంత జాగ్రత్త పడాలి!

తెలియనివాని హక్కు

మన దుకాణానికి రెండు రకాలవారు వస్తారు. ధర తెలిసినవారు, తెలియనివారు. తెలిసినవాడు నాలుగు దుకాణాలు తిరిగి, ఫోనులో రేటు చూసుకొని, బేరమాడి కొంటాడు. అతనికి మనము చెప్పే ధర మన నిజాయితీకి పరీక్ష కాదు, అతని తెలివికి పరీక్ష. ఇక రెండవవాడు తండా నుండో, చెంచుగూడెం నుండో, మారుమూల పల్లె నుండో వస్తాడు. బోర్డు చదవలేడు. బేరమాడడం చేతకాదు. మన ముఖం చూసి, గడ్డం చూసి, టోపీ చూసి, "సేఠ్, నువ్వే చూసి ఇయ్యి" అంటాడు. సోదరులారా! మన నిజమైన ధర ఆ మనిషికి చెప్పిన ధరే. ప్రళయదినాన మన ఖాతాలో ముందుగా చూడబడే పుట బహుశా అదే.

ఈ విధంగా అమ్మేవాని మీదనే భారం వేసి కొనేవానిని ఫిఖ్‌హ్ పండితులు 'ముస్తర్సిల్' అన్నారు. అంటే నమ్మి వదిలేసినవాడు అని అర్థం. అతనిని మోసగించడం దౌర్జన్యమని వారు తీర్మానించారు. కారణం స్పష్టమే. బేరమాడేవాడు మనతో వ్యాపారం చేస్తున్నాడు. బేరమాడలేనివాడు మనకు అమానతు అప్పగిస్తున్నాడు. వ్యాపారంలో లాభం ఉంటుంది. అమానతులో ఖియానతు ఉండరాదు.

ఎంత ఎక్కువైతే అది ఘోరమైన మోసమవుతుంది? ఉస్మానీ ఖిలాఫతు కాలంలో, 1869 నుండి 1876 వరకు, హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం క్రోడీకరించిన 'మజల్లా' అనే న్యాయస్మృతి దీనికి ఒక కొలత చెప్పింది. సాధారణ సరుకులలో ఇరవయ్యవ వంతు, పశువులలో పదవ వంతు, ఇండ్లు భూములలో ఐదవ వంతు మేరకు బజారు ధరకు తేడా వస్తే అది ఘోరమైన తేడా అని పేర్కొన్నది. ఇది లాభం మీద గీసిన గీత కాదని గమనించండి. చౌకగా కొన్న సరుకును బజారు ధరకు అమ్ముకొని ఎక్కువ లాభం పొందితే అది మన తెలివి, మన శ్రమ. కాని బజారులో 100 రూపాయలకు దొరికే వస్తువును తెలియనివానికి 130కి అంటగట్టడం అతని అజ్ఞానాన్ని అమ్ముకోవడం. పెబ్బేరు సంతలో పశువు కొనేవానికీ, గద్వాల బజారులో బట్ట కొనేవానికీ ఈ కొలత వర్తిస్తుంది.

నమాజు వేళ దుకాణంలో ఎవరున్నారు?

"వాడు ఇష్టపడి కొన్నాడు కదా, ఇందులో మా తప్పేమిటి?" అని కొందరంటారు. ఈ ప్రశ్నకు బస్రా నగరంలో బట్టల వ్యాపారం చేసిన యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) జీవితంలో జవాబు దొరుకుతుంది. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ఇహ్యా ఉలూముద్దీన్ గ్రంథంలో ఈ సంఘటనను ప్రస్తావించారు. ఆయన దుకాణంలో 400 దిర్హముల బట్టలు, 200 దిర్హముల బట్టలు వేరువేరుగా ఉండేవి. నమాజుకు వెళుతూ తమ సోదరుని కుమారుని దుకాణంలో కూర్చోబెట్టారు. ఇంతలో ఒక పల్లెవాసి వచ్చి 400 దిర్హములలో బట్ట చూపమన్నాడు. కుర్రవాడు 200 దిర్హముల బట్టను చూపించాడు. అతనికి నచ్చింది, 400 ఇచ్చి కొనుక్కున్నాడు. నమాజు నుండి తిరిగివస్తున్న యూనుస్ దారిలో అతని చేతిలోని బట్టను గుర్తుపట్టి ధర అడిగారు. సంగతి తెలియగానే, ఇది 200 కన్నా ఎక్కువ విలువ చేయదు, వెనుకకు రమ్మన్నారు. మా ఊరిలో దీనికి ఇంకా ఎక్కువ ధర పలుకుతుంది, నాకు సమ్మతమే అని ఆ మనిషి అంటున్నా వినక, దుకాణానికి తీసుకువెళ్ళి 200 దిర్హములు తిరిగి ఇచ్చివేశారు. అతను ఇష్టపడే కొన్నాడని కుర్రవాడు సమర్థించుకోగా, మరి నీ కోసం నీవు కోరుకునేదాన్ని అతని కోసం ఎందుకు కోరుకోలేదని మందలించారు.

ఈ సంఘటనలో యజమాని మస్జిదులో ఉన్నాడు, మోసం దుకాణంలో జరిగింది. కనుక సోదరులారా, నమాజుకు వచ్చేటప్పుడు మనము కూర్చోబెట్టి వచ్చే పిల్లవానికి ఏమి నేర్పించామో ఆలోచించండి. "గిరాకీని చూసి రేటు చెప్పు" అని నేర్పామా? లేక "ఎవరు వచ్చినా ఒకటే రేటు చెప్పు" అని నేర్పామా? పిల్లలు మన ఉపన్యాసాలను వినరు, మన బేరాలను వింటారు.

కల్లం దగ్గర, కాంటా దగ్గర

మన ప్రాంతంలో అమ్మేవాడే తెలియనివాడు, కొనేవాడే తెలిసినవాడు అయ్యే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. యాసంగిలో పల్లీ పంట చేతికి రాగానే వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి, గద్వాల మార్కెట్ యార్డులు నిండిపోతాయి. ఆ రోజుల్లో కొందరు వ్యాపారులు ఊళ్ళలోకి ముందుగానే వెళ్ళి, యార్డులో రేటు పడిపోయిందని చెప్పి, కల్లం దగ్గరే పంటను తక్కువకు కొనేస్తారు.

దైవప్రవక్త (స) సరిగ్గా ఈ పద్ధతినే నిషేధించారు. సరుకు తీసుకొని వచ్చే బిడారులు బజారుకు చేరకముందే ఎదురువెళ్ళి కొనరాదని ఆదేశించారు. అలా ఎవరైనా కొంటే, సరుకు యజమాని బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్న పిదప ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుందని కూడా తెలిపారు. పదునాలుగు వందల సంవత్సరాల కింద రైతుకు ఇచ్చిన రక్షణ ఇది. ఊరికి వెళ్ళి కొనడం మనకు తప్పనిసరి అయితే, ఆ రోజు యార్డులో పలికిన రేటును ముందుగా రైతుకు చెప్పి, రవాణా ఖర్చు ఇంత, మా లాభం ఇంత అని విప్పి చెప్పి కొనవలెను. అప్పుడది సేవ అవుతుంది. దాచి కొంటే దోపిడి అవుతుంది.

రేటు బాగానే చెప్పి తూకంలో లాగడం మరొక మార్గం. తరుగు అని, కడ్తా అని, తేమ అని, తాలు అని పేర్లు వేరు. క్వింటాలుకు రెండు కిలోలు అకారణంగా తీసివేస్తే, ఇరవై క్వింటాళ్ళు తెచ్చిన రైతు 40 కిలోలు కోల్పోతాడు. క్వింటాలు 6,000 రూపాయల లెక్కన అది 2,400 రూపాయలు. ఆ డబ్బు ఒక కూలీ కుటుంబం ఎన్నో రోజులు తినే తిండి. నిజంగా తేమ ఉంటే కొలిచి చూపించి, దాని మేరకు రేటు తగ్గించడం న్యాయం. కొలవకుండా అందరికీ ఒకే కోత వేయడం అన్యాయం.

తూకం విషయంలో అల్లాహ్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మనకు తెలుసు. 83వ సూరాకు పేరే ముతఫ్ఫిఫీన్, అంటే తూకాల్లో తగ్గించేవారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశమని ఆ సూరా ఆరంభంలోనే ప్రకటించబడింది. హజ్రత్ షుఐబ్ (అ) తమ మద్‌యన్ జాతి వారిని తౌహీదు తరువాత వెంటనే హెచ్చరించినది తూనికలు కొలతల గురించే. మా సొత్తును మా ఇష్టప్రకారం వాడుకోనివ్వవద్దని నీ నమాజు నీకు చెబుతున్నదా అన్న భావంతో వారు ఆయనను ఎగతాళి చేశారని హూద్ సూరా తెలుపుతున్నది. నమాజు వేరు, వ్యాపారం వేరు అన్న మాట కొత్తది కాదు సోదరులారా! అది మద్‌యన్ వారి మాట. వారి ఊళ్ళు ఏమైపోయాయో ఖుర్ఆన్‌లో చదువుతూనే ఉన్నాము.

కిలోకు 20 గ్రాములు తగ్గితే ఎవరికీ తెలియదు. కాని 50 కిలోల బస్తా అమ్మేసరికి ఒక కిలో మిగులుతుంది. ఆ ఒక్క కిలో మన ఇంటి పొయ్యి మీద ఉడుకుతుంది, మన పిల్లల కడుపులోకి చేరుతుంది. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా ముద్ర వేయించుకోవాలని ప్రభుత్వ నియమం ఉంది. దానిని జరిమానా భయంతో కాక, ఈ సూరా భయంతో పాటించండి. దైవప్రవక్త (స) తూకం వేసే వ్యక్తితో, కాస్త మొగ్గు ఉండేటట్లు తూచమని చెప్పారు. సరిగ్గా తూచడం న్యాయం, మొగ్గు చూపడం ఇహ్సాన్.

పూతలో ఉన్న మామిడి

కొల్లాపూర్ ప్రాంతపు మామిడికి మంచి పేరుంది. మన సోదరులలో అనేకులు ఆ తోటలు పడతారు. పూత మీద ఉండగానే తోటను గంపగుత్తగా మాట్లాడుకునే ఆచారం మన దగ్గర ఉంది. కాయ పక్వస్థితి కనబడకముందే పండ్లను అమ్మడాన్నీ కొనడాన్నీ దైవప్రవక్త (స) వారించారు. అల్లాహ్ ఆ కాపును ఆపివేస్తే, సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటారని ప్రశ్నించారు. ఈదురుగాలి వస్తే కొన్నవాడు నష్టపోతాడు, కాపు విరగకాస్తే రైతు బాధపడతాడు. ఇద్దరికీ తెలియని దాని మీద వేసిన ధర ఏదో ఒకనాడు ఒకరి ఏడుపు అవుతుంది. కనుక కాయ కట్టి, పక్వానికి వచ్చే గుణం కనబడిన తరువాతనే బేరం చేయండి. తోటను కాపాడే పనికి కూలీ మాట్లాడుకోవడమో, పంటలో భాగం మాట్లాడుకోవడమో వంటి ధర్మసమ్మతమైన మార్గాలను ఉలమాలను అడిగి తెలుసుకోండి.

నేత చీర, విత్తనాల ప్యాకెట్

మన గద్వాలకు దేశమంతటా పేరు తెచ్చినది చీర. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే నైపుణ్యం గద్వాల, రాజోలి, ఐజ, అమరచింత వంటి చోట్ల నేత కుటుంబాల చేతుల్లో ఉంది. నేసే మగవానితోపాటు కండెలు చుట్టే స్త్రీ, అచ్చు అతికే వృద్ధుడు రోజుల తరబడి శ్రమిస్తే ఒక చీర పూర్తవుతుంది. గద్వాల చీరకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. అంచు చీరలు చేనేతకే కేటాయించబడిన 1985 నాటి చట్టం కూడా ఉంది. అటువంటప్పుడు మరమగ్గం మీద దిగిన చీరను చేనేత అని చెప్పి, చేనేత ధరకు అమ్మితే ఒకే అబద్ధంతో ఇద్దరిని మోసగించినట్లు. కొన్న ఆమె డబ్బు పోయింది, నేసిన వాని కూలి పోయింది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టు బట్టల వ్యాపారి. ఒక స్త్రీ ఆయన దగ్గరకు పట్టు వస్త్రాన్ని తెచ్చి 100 దిర్హములకు అమ్ముతానన్నది. దాని విలువ అంతకన్నా ఎక్కువని ఆయన అన్నారు. ఆమె వందేసి పెంచుతూ 400 వరకు వచ్చింది. ఇంకా ఎక్కువే చేస్తుందన్నారు. తనను పరిహసిస్తున్నారేమోనని ఆమె శంకించగా, విలువ కట్టే మనిషిని పిలిపించి 500 దిర్హములకు కొన్నారు. ఆయన జీవితచరిత్రలలో ఈ సంఘటన ప్రసిద్ధమైనది. మనలో అధికులము హనఫీలము. వుజూ విషయంలో ఆయన మాటను పాటిస్తున్నాము. బేరం విషయంలో ఆయన బాటను ఎంతమందిమి పట్టుకున్నాము? అవసరం మీద వచ్చి చీరను అడ్డగోలు ధరకు ఇచ్చేసే నేతగాని దగ్గర, నల్లమల నుండి తేనె, బంక తెచ్చే చెంచు సోదరుని దగ్గర మనము అబూ హనీఫా వలె మాట్లాడుతున్నామా?

విత్తనాల దుకాణం నడిపే సోదరులకు ఒక ప్రత్యేకమైన మనవి. చొక్కా బాగాలేకపోతే మరునాడు తెలుస్తుంది. విత్తనం మంచిది కాకపోతే పూత, కాయ వేళకుగాని తెలియదు. అప్పటికి వానాకాలం వెళ్ళిపోతుంది, అప్పు మిగిలిపోతుంది. బీటీ పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధరను 2015 నాటి ఉత్తర్వు ప్రకారం కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తున్నది. కొరత పేరుతో దానికి మించి తీసుకోవడం, లేబుల్ లేని సంచిలో పోసి అమ్మడం, రసీదు ఇవ్వకపోవడం - ఇవి చట్టానికి నేరాలు, షరీఅతుకు ఖియానతు.

మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడిందని యజమాని చెప్పాడు. అందరికీ కనబడేలా తడిదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. తడి ధాన్యాన్ని అమ్మవద్దని అనలేదు, దాచవద్దన్నారు. లోపం చెప్పి, దానికి తగిన ధరకు అమ్ముకోవడానికి ఎప్పుడూ తలుపు తెరిచే ఉంది.

నోటి మాట, ఉద్దెర ఖాతా

"నాకే ఇంతకు పడింది", "ఈమాన్ సే చెబుతున్నా, అసలుకే ఇస్తున్నా" - ఈ మాటలు మన బజార్లలో పొద్దున మొదలై రాత్రి దాకా వినబడుతూనే ఉంటాయి. సోదరులారా! మనకు ఎంతకు పడిందో చెప్పడం తప్పనిసరి కాదు. చెప్పకుండా ధర చెప్పవచ్చును. కాని చెబితే నిజమే చెప్పాలి. కొన్న ధర చెప్పి, దాని మీద లాభం వేసుకొని అమ్మడాన్ని 'మురాబహా' అంటారు. దానిలో అబద్ధం చెబితే అది అమానతులో ఖియానతు. అబద్ధపు ప్రమాణాలతో సరుకు అమ్ముకునేవాని వైపు అల్లాహ్ ప్రళయదినాన చూడనైనా చూడడని హదీసు హెచ్చరిస్తున్నది. పది రూపాయల లాభం కోసం అల్లాహ్ పేరును తరాజులో వేయడం ఎంత నష్టమైన బేరం!

కూలిపని చేసుకొనేవారు ఉద్దెర మీదనే ఇల్లు నడుపుకుంటారు. నగదు ధర వేరు, ఉద్దెర ధర వేరు అని బేరం కుదిరేటప్పుడే ఒక ధరను తేల్చి చెబితే అధిక సంఖ్యాక ధర్మవేత్తల దృష్టిలో అది సమ్మతమే. కాని గడువు దాటిందని ఆ తరువాత పెంచితే అది వడ్డీ. చదువురానివాని ఖాతాలో తీసుకోని సరుకు రాయడం దొంగతనం. అప్పు లావాదేవీని న్యాయంగా రాసుకోమని బఖరా సూరాలో అల్లాహ్ వివరంగా ఆదేశించాడు. కనుక వాని దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం ఉంచండి, వాని ముందే రాయండి, చదివి వినిపించండి. చెల్లించలేని స్థితిలో ఉంటే వెసులుబాటు కలిగేంతవరకు గడువు ఇమ్మని, వదిలివేస్తే అది మరీ మేలని అదే సూరా బోధిస్తున్నది.

ఆపద వేళ

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు అలంపూర్, రాజోలి ప్రాంతాలు మునిగిపోయాయి. ఇండ్లతోపాటు మగ్గాలూ నీట కలిశాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అటువంటి రోజులలో తాగే నీటికి, పాలపొడికి, మందుబిళ్ళకు ఎంత ధర చెప్పినా మనిషి కొంటాడు. అది సమ్మతి కాదు, గత్యంతరం లేకపోవడం. పరస్పర సమ్మతితో జరిగే వ్యాపారాన్ని మాత్రమే అల్లాహ్ నిసా సూరాలో ధర్మసమ్మతం చేశాడు. ధర పెంచడానికి సరుకు దాచేవాడు పాపి అని దైవప్రవక్త (స) ప్రకటించారు. నీరు తీసిన తరువాత ఊరు మళ్ళీ లేస్తుంది, మగ్గాలు మళ్ళీ నిలబడతాయి. కాని ఆ వారం రోజులు ఏ దుకాణంలో ఏ ధర పలికిందో ఊరు మరచిపోదు. దైవదూతలు అంతకన్నా మరచిపోరు.

కొనేవారికి ఒక మాట

న్యాయమైన ధర అమ్మేవాని బాధ్యత మాత్రమే కాదు. చిన్న వ్యాపారికి అద్దె ఉంది, కరెంటు బిల్లు ఉంది, కుళ్ళిపోయే సరుకు ఉంది, ఇంటి దగ్గర పిల్లలు ఉన్నారు. పెద్ద దుకాణంలో నోరెత్తకుండా బిల్లు కట్టి, ఎండలో కూర్చున్న కూరగాయల అవ్వ దగ్గర ఐదు రూపాయలకు గంటసేపు వాదించడం ముస్లిముకు శోభించదు. అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, బాకీ అడిగేటప్పుడూ మెత్తగా ఉండే మనిషి మీద అల్లాహ్ కరుణ కురియాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆలో అమ్మేవానికీ కొనేవానికీ ఇద్దరికీ వాటా ఉంది.

అల్లాహ్ మనందరికీ ఈ మాటలను ఆచరించే సౌభాగ్యం ప్రసాదించుగాక! మా కోసం, మీ కోసం, సమస్త ముస్లిముల కోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు వర్షించుగాక!

సోదరులారా! విన్న మాట ఆచరణలోకి రాకపోతే అది మనకు అనుకూలంగా కాక ప్రతికూలంగా సాక్ష్యమిస్తుంది. అందుకే ఈ రోజు నమాజు ముగిసి దుకాణం తెరవగానే చేయదగిన పనులు కొన్నింటిని మనవి చేస్తున్నాము.

మొదటిది, ధరలను పలక మీద రాసి, వాకిట్లో అందరికీ కనబడేలా పెట్టండి. చదవలేనివానికి చదివి చెప్పండి. రాసిన ధర మనిషిని బట్టి మారదు.

రెండవది, ధర వేసుకునేటప్పుడు లెక్క రాసుకోండి. కొన్న ధర, రవాణా, అద్దె, పనివాని జీతం, చెడిపోయే భాగం, ఆపైన మన ఇల్లు గడిచే లాభం. ఇలా రాసుకున్న ధరను ఎవరి ముందైనా ధైర్యంగా చెప్పగలము. లెక్క లేని ధరే మనిషి ముఖాన్ని చూసి పెరుగుతుంది.

మూడవది, ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధరకు మించి తీసుకోకండి. చల్లదనం పేరుతో నీళ్ళ సీసా మీద రెండు రూపాయలు, చిల్లర లేదన్న సాకుతో ఒక రూపాయి అదనంగా లాగకండి. ఇతరుల హక్కు చిన్నదైనా పెద్దదైనా హక్కే.

నాలుగవది, వారానికి ఒకసారి కాంటాను మీరే సరిచూసుకోండి. సరుకులో లోపం ఉంటే కొనేవాడు అడగకముందే చెప్పండి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, ఉన్నదున్నట్లు విప్పి చెప్పుకుంటే వారి బేరంలో బరకత్ కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ బరకత్ తుడిచివేయబడుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. గల్లాలో డబ్బు పెరగడం వేరు, ఇంటిలో బరకత్ ఉండడం వేరు. ఈ తేడా ఆస్పత్రులకు, కోర్టులకు సంపాదననంతా ధారపోసినవారికి బాగా తెలుసు.

ఐదవది, ఇదివరకు ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నామని గుర్తుకు వస్తే వారిని వెదికి తిరిగి ఇచ్చివేయండి. వారు దొరకకపోతే వారి పేరున పేదలకు దానం చేసి, అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడండి. దిర్హములూ దీనారులూ చెల్లని రోజు రాకముందే ఈ పని ముగించుకోవాలి. ఆ రోజు బాకీలు పుణ్యాలతోనే తీర్చవలసి ఉంటుంది.

మన ఇరుగుపొరుగున ఉన్న హిందూ సోదరులు, క్రైస్తవ సోదరులు మన గ్రంథాన్ని చదవకపోవచ్చు, మన ఖుత్బాలు వినకపోవచ్చు. కాని మన తరాజును రోజూ చూస్తున్నారు. "తురకాయన దుకాణానికి చిన్నపిల్లను పంపినా సరైన ధరకే ఇస్తాడు" అని ఒక ఊరు అనుకుంటే, ఆ ఊరికి ఇస్లాము గురించి అంతకుమించిన పరిచయం అక్కర్లేదు. ఆ చిన్నపిల్లకు చెప్పే ధరే మన ధర.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించు, అది కొద్దిగా ఉన్నా అందులో బరకత్ నింపు. మా నాలుకలను అబద్ధపు ప్రమాణాల నుండి, మా కాంటాలను తగ్గింపు నుండి, మా హృదయాలను దురాశ నుండి కాపాడు. మమ్మల్ని నమ్మి వచ్చినవారికి మా చేతుల మీదుగా అన్యాయం జరగనివ్వకు. ఓ అల్లాహ్! మా ప్రాంతపు రైతుకు గిట్టుబాటు ధర, నేతగానికి తగిన కూలి, కూలివానికి చేతినిండా పని కలిగించు. సకాలంలో వానలు కురిపించు, వరదల నుండి కరువుల నుండి రక్షించు. అప్పులలో కూరుకుపోయిన వ్యాపారులకు, రైతులకు విముక్తి మార్గం చూపు. ఎవరి ఫిర్యాదూ మా మీద లేని స్థితిలో మమ్మల్ని నీ సన్నిధికి పిలుచుకో. ఆమీన్.

సోదరులారా! అల్లాహ్‌ను స్మరించండి, సఫ్ఫులను సరిచేసుకోండి. నమాజు ముగిసిన పిదప ఆయన అనుగ్రహాన్ని అన్వేషిస్తూ మీ మీ దుకాణాలకు వెళ్ళండి. అక్కడ కూడా ఆయనను మరువకండి.